ఇంటీజర్ కీలకి సొంత హ్యాష్ ఫంక్షన్ ఎందుకు? అన్‌ఆర్డర్డ్ మ్యాప్ టీఎల్ఈ వెనక అసలు కథ

హ్యాష్ మ్యాప్ ఎపిసోడ్ కింద వచ్చిన ఒక కామెంట్ ఇవాళ్టి వీడియోకి కారణం. బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముడు రాశాడు: "అన్నా, ఆఫ్ క్యాంపస్ కోడింగ్ టెస్ట్‌లో 20 టెస్ట్ కేసులకి 17 పాసయ్యాయి. మిగతా 3 టీఎల్ఈ. అదే లాజిక్ నా ఫ్రెండ్ జావాలో రాస్తే మొత్తం పాస్. వాడికి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, నాకు రాలేదు. జావా కన్నా సీ ప్లస్ ప్లస్ ఫాస్ట్ అంటారు కదా, మరి నాకెందుకిలా?"

కోడ్ పంపమన్నాను, పంపాడు. లాజిక్‌లో తప్పేం లేదు. 64 బిట్ నంబర్లు కీలుగా పెట్టి అన్‌ఆర్డర్డ్ మ్యాప్ వాడాడు, అంతే. ఆ 3 టెస్ట్ కేసుల్లో ఏముందో మనకి కనిపించదు కాబట్టి నూటికి నూరు శాతం ఇదే కారణమని నేను అనను. కానీ అదే కోడ్‌కి నేనొక ఇన్‌పుట్ తయారు చేసి ఇస్తే, టైమ్ లిమిట్ దాటిపోయి ఇంకా నడుస్తూనే ఉంది. ఇన్‌పుట్‌లో ఉన్నది లక్ష నంబర్లు మాత్రమే. ఒక్క చిన్న మార్పు చేస్తే అదే కోడ్ కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయింది. ఆ మార్పు ఏంటి, ఎందుకు పనిచేస్తుంది అన్నదే ఇవాళ్టి టాపిక్. కొంచెం లెక్కలుంటాయి, కానీ అన్నీ కూడికలు, గుణకారాలే. భయపడకండి.

చెప్పుల స్టాండ్ లెక్క

హ్యాష్ మ్యాప్ అంటే గుడి ముందు చెప్పుల స్టాండ్ అనుకోండి. 10 అరలున్నాయి, 0 నుంచి 9 వరకు. మీకిచ్చిన టోకెన్ నంబర్‌లో చివరి అంకె ఏదైతే ఆ అరలో మీ చెప్పులు పెడతారు. టోకెన్ 47 అయితే 7వ అర. దర్శనం అయ్యాక టోకెన్ చూపిస్తే ఆయన నేరుగా 7వ అర దగ్గరికే వెళ్తాడు, అక్కడున్న నాలుగైదు జతల్లో మీది తీసిస్తాడు. స్టాండ్ మొత్తం వెతకడు. అందుకే హ్యాష్ మ్యాప్ ఫాస్ట్.

ఇప్పుడు టోకెన్లన్నీ 10, 20, 30, 40 ఇలా వచ్చాయనుకోండి. చివరి అంకె అన్నిటికీ సున్నానే. తొమ్మిది అరలు ఖాళీ, సున్నా అరలో మాత్రం చెప్పుల గుట్ట. ప్రతి మనిషికీ ఆ గుట్ట మొత్తం తిరగేయాలి. స్టాండ్ అదే, అరలు అవే, మనిషి అదే. పాడైంది పంపకం.

ఇందులో రెండు పనులున్నాయని గమనించండి. ఒకటి, కీని ఒక నంబర్‌గా మార్చడం. అదే హ్యాష్ ఫంక్షన్. రెండు, ఆ నంబర్‌ని అరల సంఖ్యకి తగ్గించడం. అరని మన భాషలో బకెట్ అంటాం. కీ స్ట్రింగ్ అయితే మొదటి పనికి ఎలాగూ ఏదో ఫార్ములా కావాలి. కానీ కీ ఇప్పటికే నంబర్ అయితే? ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

లైబ్రరీ వాళ్ళు ఏం చేశారు

జీసీసీ కంపైలర్‌తో వచ్చే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఇంటీజర్‌కి హ్యాష్ ఏంటో తెలుసా? ఆ ఇంటీజరే. 47 ఇస్తే 47. ఏ లెక్కా లేదు. ఆ తర్వాత బకెట్ల సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటుంది. బకెట్ల సంఖ్య ఎప్పుడూ ప్రైమ్ నంబర్‌లా చూసుకుంటుంది. ఇప్పటి వెర్షన్లలో ఖాళీ మ్యాప్‌లో వేస్తూ పోతే 13, 29, 59, 127, 257, 541, 1109 ఇలా పెరుగుతూ పోతుంది. ఎలిమెంట్లు బకెట్ల సంఖ్య దాటగానే రెట్టింపు కన్నా కొంచెం పెద్ద ప్రైమ్‌కి మారి, అందరినీ మళ్ళీ సర్దుతుంది.

ఇది బద్ధకం కాదండి. మామూలు డేటాకి ఇదే బెస్ట్. మీ కీలు 1 నుంచి లక్ష వరకు వరుసగా ఉంటే ఒక్కో కీ ఒక్కో బకెట్‌లో పడుతుంది, ఒక్క ఢీ కూడా ఉండదు. హ్యాష్ లెక్కకి టైమ్ కూడా సున్నా. టేబుల్ సైజు ప్రైమ్ కాబట్టి 10 గుణిజాలు, 1000 గుణిజాలు లాంటి మామూలు ప్యాటర్న్‌లు కూడా చక్కగా చెదిరిపోతాయి.

సమస్యల్లా ఏంటంటే, ఆ ప్రైమ్ ఏంటో ఎవరికైనా తెలుసు. సోర్స్ కోడ్ ఓపెన్. అది చదివే ఓపిక లేకపోతే, మ్యాప్‌లో నంబర్లు వేస్తూ బకెట్ కౌంట్ ప్రింట్ చేస్తే చాలు, మీ ఫోన్‌లోనే తెలిసిపోతుంది. 13 బకెట్లున్నప్పుడు 26, 39, 52, 65 వేయండి. అన్నిటికీ శేషం సున్నా. అన్నీ ఒకే బకెట్. ఇదే పని పెద్ద ప్రైమ్‌తో చేస్తే?

కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి రెండు నంబర్లు బాగా గుర్తు: 126271, 107897. జీసీసీ 6, అంతకు ముందు వెర్షన్లకి మొదటిది, జీసీసీ 7 వచ్చాక రెండోది. ఆ వెర్షన్లలో టేబుల్ పెరిగే క్రమంలో ఈ సైజులు వస్తాయి. కోడ్‌ఫోర్సెస్ లాంటి చోట్ల ఇంకొకరి కోడ్ పడిపోయేలా ఇన్‌పుట్ తయారు చేసి ఇవ్వడం ఆటలో భాగం, దాన్ని హ్యాక్ అంటారు. అక్కడ ఈ నంబర్ల గుణిజాలు ఇచ్చి చాలామంది అన్‌ఆర్డర్డ్ మ్యాప్‌లని పడగొట్టారు. అలాంటి హ్యాక్‌లు తర్వాత టెస్ట్ కేసులుగా కూడా చేరతాయి.

లెక్క వేసి చూద్దాం. టేబుల్ సైజు 107897. కీలు 107897 ఒకట్ల 107897, రెండ్ల 215794, అలా లక్ష గుణిజాలు. టేబుల్ ఆ సైజుకి వచ్చేది సుమారు 53 వేల ఎలిమెంట్ల దగ్గర. అక్కడ అందరినీ మళ్ళీ సర్దినప్పుడు ఆ 53 వేలూ సున్నా బకెట్‌లోకి చేరతాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి కొత్త కీ, "నేను ముందే ఉన్నానా" అని ఆ గొలుసు మొత్తం నడిచి చూసుకోవాలి. మిగిలిన 47 వేల కీలు, ఒక్కోటి సగటున 76 వేల అడుగులు. గుణిస్తే 350 కోట్ల పైమాటే. పైగా లింక్డ్ లిస్ట్, మెమరీలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది కాబట్టి ఒక్కో అడుగు కూడా ఖరీదే. సెకనుకి పది కోట్ల చిన్న పనులు అని మనం వేసుకునే మోటు లెక్కలో చూసినా 35 సెకన్లు. టైమ్ లిమిట్ ఒకటో రెండో సెకన్లు. ఇంకేం పాసవుతుంది?

అదే కీలు బాగా చెదిరి ఉంటే? లక్ష కీలు, లక్ష బకెట్లు, ఎవరు ఎక్కడ పడతారో పూర్తిగా లాటరీ అనుకోండి. అప్పుడు కూడా ఢీలు ఉంటాయి. 23 మంది ఉన్న రూమ్‌లో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే అని విన్నారు కదా, అదే లెక్క. సుమారు 37 శాతం బకెట్లు ఖాళీగా ఉంటాయి. కానీ అన్నిటికన్నా పొడవైన గొలుసు ఏడెనిమిదికి మించదు. 76 వేల అడుగులు ఎక్కడ, 8 అడుగులు ఎక్కడ! సొంత హ్యాష్ ఫంక్షన్‌తో మనం కొనుక్కునేది ఈ తేడానే.

ఫ్రెండ్ జావా కోడ్ ఎలా పాసయింది

జావా హ్యాష్ మ్యాప్ దారి వేరు. దాని టేబుల్ సైజు ఎప్పుడూ రెండు ఘాతమే: 16, 32, 64 ఇలా. నాలుగింట మూడొంతులు నిండితే రెట్టింపు అవుతుంది. శేషం తీయడం బదులు కింది బిట్లు మాత్రం తీసుకుంటుంది. దీనికో ఇబ్బంది ఉంది. కీలన్నీ 65536 గుణిజాలైతే కింది 16 బిట్లూ సున్నాలే, అన్నీ ఒకే చోట పడతాయి. అందుకని అది పై 16 బిట్లని కిందికి దించి ఎక్సార్ చేస్తుంది. దాంతో 65536 గుణిజాలు చక్కగా విడిపోతాయి.

మరి దీన్ని పడగొట్టలేమా? పడగొట్టొచ్చు. 65537 గుణిజాలు ఇవ్వండి. 65537తో గుణిస్తే పై 16 బిట్లు, కింది 16 బిట్లు ఒకేలా వస్తాయి. ఒకే నంబర్‌ని దాంతోనే ఎక్సార్ చేస్తే సున్నా. సో 1 నుంచి 32767 వరకు ఏ గుణిజమైనా సున్నా బకెట్టే. చూశారా, ఫార్ములా తెలిస్తే దాన్ని తిప్పికొట్టే ఇన్‌పుట్ ఒక్క లైన్‌లో వస్తుంది.

కానీ జావా 8 నుంచి, అంటే 2014 నుంచి, వాళ్ళు రెండో రక్షణ పెట్టారు. టేబుల్‌లో కనీసం 64 బకెట్లు ఉండి, ఒక బకెట్‌లో గొలుసు 8 దాటితే దాన్ని ట్రీగా మార్చేస్తారు. 32 వేల కీలు ఒకే బకెట్‌లో పడ్డా వెతకడానికి 15 అడుగుల లాంటి లెక్క. స్లో అవుతుంది, కానీ కుప్పకూలదు. తమ్ముడి ఫ్రెండ్ కోడ్ పాసవడానికి ఇది సరిపోయే వివరణ. భాష ఫాస్టా స్లోనా అన్నది కాదు పాయింట్, చెత్త ఇన్‌పుట్ వచ్చినప్పుడు లైబ్రరీ ఎంతవరకు దిగజారుతుంది అన్నది పాయింట్.

పైథాన్ వాళ్ళు నవ్వకండి. అక్కడ కూడా మామూలు ఇంటీజర్ హ్యాష్ ఆ ఇంటీజరే. పెద్ద నంబర్లయితే 2305843009213693951తో భాగించిన శేషం. ఒకే ఒక్క తమాషా, మైనస్ 1కి హ్యాష్ మైనస్ 2, ఎందుకంటే లోపల సీ కోడ్‌లో మైనస్ 1ని ఎర్రర్ గుర్తుగా వాడుకున్నారు. స్ట్రింగ్‌లకి ప్రతి రన్‌లో కొత్త రహస్యం కలుస్తుంది, ఇంటీజర్లకి కలవదు. అందుకే పైథాన్ డిక్షనరీకి కూడా ఇంటీజర్లతో చెత్త ఇన్‌పుట్ తయారు చేయొచ్చు.

ఇది కాంటెస్ట్ గొడవ మాత్రమే కాదు

"మేం కాంటెస్టులు రాయం, మాకెందుకు" అనేవాళ్ళు ఈ ముక్క వినండి. 2003లోనే రైస్ యూనివర్సిటీకి చెందిన స్కాట్ క్రాస్బీ, డాన్ వాలాక్ దీని మీద పేపర్ రాశారు. సర్వర్‌కి వేల రిక్వెస్టులు పంపక్కర్లేదు, హ్యాష్ టేబుల్‌లో అన్నీ ఒకే బకెట్‌లో పడేలా కీలు ఎంచి పంపితే చాలు, సర్వర్ తనంతట తానే ఉక్కిరిబిక్కిరి అవుతుందని చూపించారు. 2011 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల కాన్ఫరెన్స్‌లో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వెల్డె ఇదే పద్ధతి పీహెచ్‌పీ, జావా, పైథాన్, రూబీ, ఏఎస్‌పీ డాట్ నెట్ లాంటి వెబ్ ప్లాట్‌ఫామ్‌ల మీద పనిచేస్తుందని చూపించారు. ఒక ఫామ్‌లో పంపే ఫీల్డ్ పేర్లు జాగ్రత్తగా ఎంచుకుంటే చాలు. 2012లో జాన్ ఫిలిప్ ఒమాసాన్, డేనియల్ బెర్న్‌స్టైన్ సిప్‌హ్యాష్ తెచ్చారు. పైథాన్ 3.4 నుంచి స్ట్రింగ్‌లకి సిప్‌హ్యాష్ వచ్చింది. రస్ట్ భాషలో అయితే స్టాండర్డ్ హ్యాష్ మ్యాప్‌కి ఇంటీజర్ కీలకి కూడా డిఫాల్ట్ సిప్‌హ్యాష్ కుటుంబమే.

సో రేపు మీరు జాబ్‌లో చేరి ఒక ఏపీఐ రాశారనుకోండి. యూజర్ పంపిన ఐడీలు నేరుగా మ్యాప్‌లో కీలుగా వేస్తున్నారు. కీలు ఎంచుకునే అధికారం బయటివాళ్ళ చేతిలో ఉంది. అది గుర్తుపట్టడమే సగం పని.

పనిచేయని షార్ట్‌కట్లు

ఇప్పుడు మందు. ముందు పనిచేయని మందులు చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇవే వేస్తారు.

ఒకటి, కీకి ఏదో ర్యాండమ్ నంబర్ కలపడం. 26, 39, 52కి 5 కలిపితే 31, 44, 57. 13తో భాగిస్తే శేషం 5, 5, 5. గుట్ట పక్క అరకి జరిగింది, అంతే.

రెండు, ఏదో నంబర్‌తో గుణించడం. 26ని 7తో గుణిస్తే 182, అది కూడా 13 గుణిజమే. ఓవర్‌ఫ్లో కానంతవరకు 13 గుణిజాన్ని దేంతో గుణించినా 13 గుణిజమే కదా.

మూడు, టేబుల్ సైజు రెండు ఘాతమైనప్పుడు ఒక నంబర్‌తో ఎక్సార్ చేయడం. కింది బిట్లు ఒకేలా ఉన్న రెండు కీలు, ఎక్సార్ తర్వాత కూడా కింది బిట్లు ఒకేలానే ఉంటాయి. మళ్ళీ ఢీ.

అంటే కూడిక ఒక్కటే, గుణకారం ఒక్కటే, ఎక్సార్ ఒక్కటే సరిపోవు. కానీ వీటిని సరిగ్గా పేరిస్తే సరిపోతాయి. ఎలాగో చెప్పులతోనే చూద్దాం.

టోకెన్లు 10, 20, 30 నుంచి 100 వరకు, మొత్తం పది. ఒక్కోదాన్ని 618తో గుణించండి. చివరి నాలుగు అంకెలే ఉంచండి. 10 అయితే 6180. 20 అయితే 12360, అందులో చివరి నాలుగు 2360. 30 అయితే 8540. 40 అయితే 4720. ఇప్పుడు చివరి అంకె చూస్తే ఎప్పట్లాగే సున్నా. కానీ ఆ నాలుగింటిలో మొదటి అంకె చూడండి: 6, 2, 8, 4. మిగతావి కూడా వేయండి: 50కి 0, 60కి 7, 70కి 3, 80కి 9, 90కి 5, 100కి 1. పది టోకెన్లు, పది వేరువేరు అరలు!

618 ఎక్కడిది? గోల్డెన్ రేషియోలో వచ్చే 0.618. డొనాల్డ్ క్నూత్ తన పుస్తకంలో వివరించిన పద్ధతి ఇది, ఫిబొనాచి హ్యాషింగ్ అంటారు. 64 బిట్లలో అదే నంబర్ 11400714819323198485. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. గుణకారంలో సమాచారం కింది అంకెల నుంచి పైకి మాత్రమే వెళ్తుంది. మనం చేత్తో గుణించేటప్పుడు మిగులు ఎడమకే వెళ్తుంది కదా, అందుకు. కాబట్టి గుణకారం అయ్యాక పై అంకెల్లోనే మంచి కలగలుపు ఉంటుంది, కింది అంకెలు పాత వాసనతోనే ఉంటాయి. ఆ పై భాగాన్ని మళ్ళీ కిందికి తేవాలి. అది రైట్ షిఫ్ట్ చేసి ఎక్సార్ చేస్తే వస్తుంది.

పులిహోర కలపడం లాంటిదే. గరిటెతో కింది అన్నం పైకి తీస్తాం, పైనున్న పోపు కిందికి పంపుతాం. ఒక్కసారి తిప్పితే సరిపోదు, రెండుమూడు సార్లు తిప్పాలి. గుణకారం కింది నుంచి పైకి, షిఫ్ట్ పై నుంచి కిందికి.

అసలు ఫంక్షన్

ఈ పని చేసే ఫంక్షన్ పేరు స్ప్లిట్‌మిక్స్ 64. 2014లో గై స్టీల్, డగ్ లీ, క్రిస్టీన్ ఫ్లడ్ రాసిన పేపర్‌లోంచి వచ్చింది, జావా 8లో స్ప్లిటబుల్ ర్యాండమ్ దీని మీదే నడుస్తుంది. స్క్రీన్ మీద కోడ్ ఉంది, ఆడియో మాత్రమే వినేవాళ్ళ కోసం చదువుతున్నా. ఎక్స్ అనేది సైన్ లేని 64 బిట్ ఇంటీజర్.

మొదటి లైన్: ఎక్స్‌కి 11400714819323198485 కలపాలి.

రెండో లైన్: ఎక్స్‌ని 30 బిట్లు కుడికి జరిపి, ఎక్స్‌తోనే ఎక్సార్ చేసి, 13787848793156543929తో గుణించాలి.

మూడో లైన్: ఎక్స్‌ని 27 బిట్లు కుడికి జరిపి, ఎక్స్‌తో ఎక్సార్ చేసి, 10723151780598845931తో గుణించాలి.

నాలుగో లైన్: ఎక్స్‌ని 31 బిట్లు కుడికి జరిపి, ఎక్స్‌తో ఎక్సార్ చేసి తిరిగి ఇవ్వాలి.

అంతే, నాలుగు లైన్లు. నంబర్లు పెద్దవి కాబట్టి సీ ప్లస్ ప్లస్‌లో వాటి చివర యూ ఎల్ ఎల్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. ఓవర్‌ఫ్లో గురించి కంగారొద్దు, సైన్ లేని ఇంటీజర్లకి అది పద్ధతి ప్రకారమే చుట్టి వస్తుంది.

ఇందులో ఒక అందం ఉంది. ప్రతి లైన్‌నీ వెనక్కి తిప్పొచ్చు. బేసి సంఖ్యతో గుణకారాన్ని తిప్పొచ్చు, షిఫ్ట్ ఎక్సార్‌ని తిప్పొచ్చు. అంటే రెండు వేరు కీలకి ఒకే 64 బిట్ జవాబు ఎప్పటికీ రాదు. ఢీ జరిగితే బకెట్ సైజుకి తగ్గించే దగ్గరే జరుగుతుంది.

కానీ ఇదే బలహీనత కూడా! వెనక్కి తిప్పగలిగితే ఎదుటివాడు కూడా తిప్పగలడు. మీ కోడ్ చూసి, "నాకు 107897 గుణిజాలు జవాబుగా రావాలి, దానికి ఏ కీలు ఇవ్వాలి" అని లెక్క కట్టేస్తాడు. ఓపెన్ హ్యాకింగ్ ఉన్న కాంటెస్ట్‌లో మీ కోడ్ అందరికీ కనపడుతుంది. సో ఎదుటివాడికి తెలియని ముక్క ఒకటి కావాలి.

అదే సీడ్. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు క్రోనో లైబ్రరీలోని స్టెడీ క్లాక్ టైమ్ తీసుకుని ఒక నంబర్‌గా దాచుకోండి. కీకి ముందు ఆ నంబర్ కలిపి, ఆ మొత్తాన్ని స్ప్లిట్‌మిక్స్‌లోకి పంపండి. ఇందాక కూడిక పనిచేయదన్నాం కదా, ఇప్పుడెలా పనిచేస్తుంది? ఇందాక కూడిక తర్వాత నేరుగా శేషం తీశాం. ఇప్పుడు మధ్యలో పులిహోర కలిపే పని ఉంది. లోపలికి వెళ్ళే నంబర్ ఒక్కటి మారినా బయటికొచ్చే నంబర్‌లో దాదాపు సగం బిట్లు మారిపోతాయి. ఎదుటివాడు ముందే లెక్క కట్టిన కీలన్నీ వృథా.

ఒక్క జాగ్రత్త. ఆ సీడ్ స్టాటిక్ కాన్‌స్టెంట్ అయి ఉండాలి, అంటే ప్రోగ్రామ్ మొత్తానికి ఒకటే. హ్యాష్ ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ కొత్త టైమ్ తీసుకుంటే, పెట్టేటప్పుడు ఒక బకెట్, వెతికేటప్పుడు ఇంకో బకెట్. చెప్పులు 7వ అరలో పెట్టి 3వ అరలో వెతికినట్టు. ఉన్న కీ కూడా లేదని చెప్తుంది.

వాడటం చాలా సింపుల్. ఈ రెండు ఫంక్షన్లని కస్టమ్ హ్యాష్ అనే స్ట్రక్ట్‌లో పెట్టి, అన్‌ఆర్డర్డ్ మ్యాప్ డిక్లేర్ చేసేటప్పుడు కీ టైప్, వాల్యూ టైప్ తర్వాత మూడో పేరుగా కస్టమ్ హ్యాష్ ఇవ్వండి. మిగతా కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. నేను మొదట్లో చెప్పిన చిన్న మార్పు ఇదే.

పైథాన్‌లో అయితే తేలిక దారి, కీని స్ట్రింగ్‌గా మార్చి వేయడం. స్ట్రింగ్‌లకి ప్రతి రన్‌లో కొత్త రహస్యం ఉంది కాబట్టి ముందే లెక్క కట్టి ఇవ్వలేరు. కొంచెం స్లో అవుతుంది, అది తప్పదు.

రెండు నంబర్లు కలిపి కీ అయితే

గ్రిడ్ ప్రాబ్లమ్స్‌లో వరస, నిలువు కలిపి జత కీగా కావాలి. సీ ప్లస్ ప్లస్‌లో జతకి రెడీమేడ్ హ్యాష్ లేదు, కంపైల్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు చాలామంది రెండింటినీ ఎక్సార్ చేస్తారు. కానీ 3, 5 జతకీ 5, 3 జతకీ ఒకటే జవాబు, 6. ఇక 4, 4 లాంటి జతలన్నీ సున్నా. ఇంకొందరు మొదటిదాన్ని 31తో గుణించి రెండోది కలుపుతారు. 0, 31 జతకీ 1, 0 జతకీ ఒకటే, 31. గ్రిడ్‌లో ఇలాంటివి కోకొల్లలు. ఇక్కడ ఎవరూ హ్యాక్ చేయక్కర్లేదు, మన డేటానే మనల్ని ముంచుతుంది.

సరైన పద్ధతి: రెండూ 32 బిట్లలో పట్టేవైతే, మొదటిదాన్ని 32 బిట్లు ఎడమకి జరిపి, కింది సగంలో రెండోదాన్ని పెట్టండి. ప్రతి జతకీ ఒక ప్రత్యేకమైన 64 బిట్ నంబర్ వస్తుంది. దాన్ని స్ప్లిట్‌మిక్స్‌కి ఇవ్వండి. నెగెటివ్ నంబర్లు ఉంటే ముందు సైన్ లేని 32 బిట్లకి మార్చుకోండి, లేకపోతే పై సగం చెడిపోతుంది.

ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వద్దు

ప్రతిచోటా ఇది అతికించకండి. కీలు 0 నుంచి పది లక్షల లోపే ఉంటే అసలు మ్యాపే వద్దు, మామూలు ఎరే పెట్టండి. కీలు మీరే వరుసగా ఇచ్చుకున్న ఐడీలైతే డిఫాల్ట్ హ్యాషే బెస్ట్, పైగా మెమరీలో పక్కపక్కనే ఉంటాయి. టైమ్ లిమిట్ సడలింపుగా ఉంటే మ్యాప్ అనే సార్టెడ్ ట్రీ వాడండి, లక్ష కీలకి సుమారు 17 అడుగులు, ఏ ఇన్‌పుట్ వచ్చినా గ్యారంటీ. కీలు బయటివాళ్ళు ఇస్తున్నారా, లేక కీలలో ఏదైనా గట్టి ప్యాటర్న్ ఉందా, అప్పుడు మాత్రం సొంత హ్యాష్ పెట్టండి.

ప్యాటర్న్ అంటే ఎలా ఉంటుందో మన పిన్ కోడ్‌లే చూడండి. తెలంగాణవి 50తో, ఆంధ్రప్రదేశ్‌వి 51, 52, 53తో మొదలవుతాయి. మన రెండు రాష్ట్రాల కస్టమర్ల డేటాని ఎవరైనా మొదటి రెండు అంకెలతో వంద బకెట్లలో పంచితే, నాలుగు బకెట్లు కిక్కిరిసి 96 ఖాళీగా ఉంటాయి. నంబర్లు చూడ్డానికి ర్యాండమ్‌గా కనపడతాయి, లోపల మాత్రం ఏదో ఒక క్రమం ఉంటుంది.

టీఎల్ఈ వచ్చినప్పుడు కారణం హ్యాషేనా కాదా ఎలా తెలుసుకోవాలి? రెండు టెస్టులు. అన్‌ఆర్డర్డ్ తీసేసి మామూలు మ్యాప్ పెట్టి సబ్మిట్ చేయండి. పాసైతే దాదాపుగా హ్యాషే కారణం. లేదా ఇన్‌పుట్ మీ దగ్గరుంటే, ప్రతి బకెట్ సైజూ చూసి అన్నిటికన్నా పెద్దది ప్రింట్ చేయండి. 7, 8, 10 వస్తే హ్యాష్ బాగానే ఉంది, తప్పు లాజిక్‌లో వెతకండి. వేలల్లో వస్తే దొంగ దొరికినట్టే.

ఇంటర్వ్యూలో "హ్యాష్ మ్యాప్ కాంప్లెక్సిటీ ఎంత" అంటే "ఓ ఆఫ్ వన్" అని ఆగిపోకండి. "సగటున ఓ ఆఫ్ వన్, కీలన్నీ ఒకే బకెట్‌లో పడితే ఓ ఆఫ్ ఎన్, జావా 8లో అయితే ట్రీ వల్ల లాగ్ ఎన్" అని చెప్పండి. ఎందుకని అడిగితే 13 బకెట్లు, 26, 39, 52 లెక్క పేపర్ మీద వేసి చూపించండి. రెండు నిమిషాలు పట్టదు, మీకు విషయం తెలుసని ఎదుటివాళ్ళకి అర్థమైపోతుంది.

తమ్ముడూ, ఆ టెస్ట్ మళ్ళీ రాదు, నిజమే. కానీ నీ లాజిక్ మీద నమ్మకం పోగొట్టుకోకు. నీ టెంప్లేట్ ఫైల్‌లో ఆ నాలుగు లైన్లు చేర్చుకుని నెక్స్ట్ టెస్ట్‌కి వెళ్ళు.

మిగతావాళ్ళందరికీ హోమ్‌వర్క్. ఫోన్‌లో ఏదైనా ఆన్‌లైన్ కంపైలర్ తెరిచి, మ్యాప్‌లో లక్ష నంబర్లు వేస్తూ బకెట్ కౌంట్ మారిన ప్రతిసారీ ప్రింట్ చేయండి. చివరగా వచ్చిన ప్రైమ్ తీసుకుని దాని గుణిజాలు లక్ష వేయండి, టైమ్ చూడండి. తర్వాత కస్టమ్ హ్యాష్ పెట్టి మళ్ళీ చూడండి. రెండు టైమ్‌లూ కామెంట్‌లో రాయండి, కంపైలర్ వెర్షన్‌తో సహా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో గొలుసులే లేని హ్యాష్ టేబుల్, అంటే ఓపెన్ అడ్రెసింగ్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, బై.